కార్బురేటర్ మారితే గేర్‌బాక్సుకు కబురు: ఆరు సిలిండర్ల పాత ఇంజిన్లలో కిక్‌డౌన్ లింకేజీ

పాత అమెరికన్ ఆటోమేటిక్ కారు బానెట్ ఎత్తితే కార్బురేటర్ పక్కన రెండు కడ్డీలు కనిపిస్తాయి. ఒకటి ఎక్సలేటర్ పెడల్ నుంచి వచ్చి బటర్‌ఫ్లై అనే గాలి రెక్కను తిప్పుతుంది. రెండోది అక్కడే తగులుకుని, ఇంజిన్ వెనక నుంచి కిందికి దిగి, గేర్‌బాక్సు పక్కనున్న చిన్న లీవరును చేరుతుంది. ఈ రెండోదే కిక్‌డౌన్ లింకేజీ. పెడల్‌ను నేలకు నొక్కితే పై గేరులో ఉన్న బండి ఒక్కసారిగా కింది గేరుకు దిగి ఊపందుకుంటుంది. ఆ పని చేయిస్తుంది కాబట్టే దానికా పేరు. అయితే చాలా గేర్‌బాక్సుల్లో దాని అసలు బాధ్యత అంతకంటే పెద్దది. ఇంజిన్ ఈ క్షణంలో ఎంత బరువు లాగుతోందో గేర్‌బాక్సుకు తెలిపే ఏకైక మార్గం అదే. కార్బురేటర్ మార్చేవారు ఈ సంగతి మరిచిపోవడం వల్ల ఎన్నో మంచి గేర్‌బాక్సులు కాలిపోయాయి.

ఆరు సిలిండర్ల వరస ఇంజిన్లలో ఈ పని మరింత చిక్కు. వి-8 ఇంజిన్‌లో కార్బురేటర్ రెండు వరసల నడుమ, పైన కూర్చుంటుంది. వరస ఇంజిన్‌లో అది ఒక పక్కన వేలాడుతుంది. షెవ్రోలె, ఫోర్డ్, క్రైస్లర్, ఎ.ఎం.సి. ఆరు సిలిండర్ల ఇంజిన్లలో గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డ్, పొగ బయటికి వచ్చే మానిఫోల్డ్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. కడ్డీ అయినా కేబుల్ అయినా ఆ వేడి మీదుగా పోవాల్సిందే. ఫ్యాక్టరీలో ప్రతి వంపునూ లెక్కగట్టి పెట్టారు. బయటి కార్బురేటర్ వచ్చి కూర్చోగానే ఆ లెక్క తప్పుతుంది.

తెలుగు నేల మీద ఆరు సిలిండర్లు

తెలుగు ప్రాంతంలో ఆరు సిలిండర్ల ఇంజిన్‌కు అత్యంత ప్రసిద్ధమైన ఉదాహరణ హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అది. పసుపు రంగు బాడీని బార్కర్ సంస్థ కట్టింది. దాని ఇంజిన్ సామర్థ్యం 7,428 సి.సి. ఆ రోజుల్లో ఇంజిన్ వేగాన్ని కాలితో మాత్రమే నడిపేవారు కాదు. స్టీరింగ్ మధ్యలో గవర్నర్‌కు ఒక లీవరు, ఇగ్నిషన్ టైమింగుకు ఒక లీవరు ఉండేవి. స్టీరింగ్ గొట్టం వెంట దిగిన సన్నని కడ్డీలు ఇంజిన్‌కు ఆజ్ఞలు మోసుకెళ్లేవి. గవర్నర్ బటర్‌ఫ్లైని తానే తెరిచి మూసి, డ్రైవరు కోరిన వేగం నిలబెట్టేది. ఇంజిన్ వేగాన్ని, బరువును కడ్డీలతో సమన్వయం చేయడమనే ఆలోచన అంత పాతది.

సామాన్యుడికి ఆరు సిలిండర్లు చేరింది బస్సుల ద్వారా. షెవ్రోలె 1929లో నాలుగు సిలిండర్ల ధరకే ఆరు సిలిండర్ల ఇంజిన్ ఇస్తానని ప్రకటించి కార్లను, లారీ ఛాసీలను మార్కెట్లోకి తెచ్చింది. అంతకు ఏడాది ముందే జనరల్ మోటార్స్ బొంబాయి సెవ్రీలో అసెంబ్లీ ఫ్యాక్టరీ పెట్టింది. కర్ణాటకలోని పావగడ తాలూకా లాంటి చోట్లకు మోటారు నాగరికత వచ్చింది బస్సుల రూపంలో, రోడ్డు మీదే. మూడు పక్కలా ఆంధ్ర సరిహద్దు, నడుమ నిడుగల్లు లాంటి రాతి కొండలు, దశాబ్దాల పాటు రైలు ముఖం చూడని ఊళ్లు. అక్కడి నుంచి మడకశిరకు పోవాలన్నా హిందూపురం సంతకు పోవాలన్నా బస్సే దిక్కు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పెట్రోలుకు రేషన్ పెట్టినప్పుడు ఆ బస్సుల మీదే దేశమంతటా లింకేజీ మార్పుల పెద్ద ప్రయోగం జరిగింది. బస్సు వెనకో పక్కనో బొగ్గు కొలిమి బిగించారు. తక్కువ గాలితో బొగ్గు మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ను చల్లార్చి, వడగట్టి ఇంజిన్‌కు పంపేవారు. పెట్రోలుకైతే బరువు లెక్కన దాదాపు 15 వంతుల గాలి కావాలి. ఈ గ్యాసుకు ఇంచుమించు గ్యాసుతో సమానమైన గాలి చాలు. అందుకని కార్బురేటర్ స్థానంలో గాలి, గ్యాసు కలిసే కవాటం కావలసి వచ్చింది. డ్రైవరు చేతి దగ్గర గాలికో లీవరు, కాలి కింద మిశ్రమానికి పాత ఎక్సలేటర్. చాలా బండ్లలో స్టార్టింగు కోసం పెట్రోలు కార్బురేటర్‌ను కూడా ఉంచేసేవారు. ఒకే ఇంజిన్‌కు రెండు బటర్‌ఫ్లైలు, రెండు కడ్డీలు. ఒకటి మూసుకుంటేనే రెండోది తెరవాలి. శక్తి దాదాపు సగం దాకా తగ్గిపోయేది కాబట్టి ఎత్తు ఎక్కేటప్పుడు గాలి లీవరును క్షణక్షణం సవరించుకోవాల్సిందే. ఆ మార్పులు చేసినవాళ్లకు ముద్రించిన కొలతలు ఎంత ఉన్నా, చివరి సర్దుబాటు ప్రతి బండికీ వేరుగా చేతితోనే జరిగింది.

స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో, వాల్‌చంద్ హీరాచంద్ బొంబాయి కుర్లాలో అంతకుముందే స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ క్రైస్లర్ ఒప్పందంతో డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లను, డాడ్జ్, ఫార్గో లారీలను బిగించింది. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ స్టూడీబేకర్ ఛాంపియన్‌ను తెచ్చింది. పాత తరం ఇప్పటికీ తలచుకునే ‘ఆరు సిలిండర్ల పెద్ద కార్లు’ ఎక్కువగా ఇవే.

కిక్‌డౌన్ అన్న మాట మొదట్లో

పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సు రాకముందే ఈ అమెరికన్ ఆరు సిలిండర్ల కార్లలో కిక్‌డౌన్ ఉండేది. స్టూడీబేకర్, నాష్, ప్లిమత్ కార్లకు అదనంగా దొరికే బోర్గ్-వార్నర్ ఓవర్‌డ్రైవ్‌లో ఎక్సలేటర్ చివరన ఒక స్విచ్ ఉండేది. పెడల్ నేలకు తగిలితే ఆ స్విచ్ ఓవర్‌డ్రైవ్ సోలినాయిడ్‌కు కరెంటు ఆపి, లిప్తపాటు ఇగ్నిషన్‌ను కూడా తెంచేది. ఇంజిన్ లాగుడు ఆగిన ఆ లిప్తలో ఇరుక్కున్న పళ్లు వదులై బండి మామూలు గేరుకు దిగేది.

ఫ్లూయిడ్ డ్రైవ్‌తో వచ్చిన క్రైస్లర్ సగం ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఇంకా ఆసక్తికరం. డాడ్జ్ దాన్ని జైరోమాటిక్ పేరుతో అమ్మింది. దాని కిక్‌డౌన్ స్విచ్ నేరుగా కార్బురేటర్ ఒంటి మీదే ఉండేది. కాలు తీసినప్పుడు ఇంజిన్ ఆగిపోకుండా పట్టి ఉంచే డాష్‌పాట్ కూడా ఆ కార్బురేటర్‌లోనే భాగం. బయటికి చూస్తే మామూలు ప్లిమత్ కార్బురేటర్, ఈ డాడ్జ్ కార్బురేటర్ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకదాని స్థానంలో ఒకటి బిగిస్తే ఇంజిన్ హాయిగా స్టార్టవుతుంది కూడా. కానీ వైర్లు తగిలించడానికి చోటుండదు, కిక్‌డౌన్ పోతుంది. పాత కార్లలో ‘గేరు దిగడం లేదు’ అన్న ఫిర్యాదుకు గేర్‌బాక్సు విప్పే ముందు కార్బురేటర్ మీద ఆ వైర్లున్నాయో లేవో చూడటం మొదటి పని.

మూడు జాతుల గేర్‌బాక్సులు

కార్బురేటర్ మార్చే ముందు తేల్చుకోవాల్సింది జెట్టు సైజు కాదు, గేర్‌బాక్సు ఏ జాతిదన్నది.

మొదటి జాతిలో కడ్డీయే సర్వస్వం. క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్ దీనికి ఆదర్శ ఉదాహరణ. 1960 మోడల్ వేలియంట్‌తో ‘స్లాంట్ సిక్స్’ ఇంజిన్, దానికి సరిపోయే తేలికైన ఎ-904 టార్క్‌ఫ్లైట్ జంటగా వచ్చాయి. ఇంజిన్‌ను 30 డిగ్రీలు పక్కకు వాల్చి బిగించడంతో బానెట్ ఎత్తు తగ్గింది, మానిఫోల్డ్‌కు పొడవైన చేతులు పెట్టే చోటు దొరికింది. 170, 225 క్యూబిక్ అంగుళాల రకాలు లక్షల్లో తయారయ్యాయి. ఈ గేర్‌బాక్సులో బండి వేగాన్ని బట్టి పెరిగే గవర్నర్ ఒత్తిడి ఒక వైపు, కడ్డీ కదలికను బట్టి పెరిగే థ్రాటిల్ ఒత్తిడి మరో వైపు పోటీ పడతాయి. ఏది గెలిస్తే ఆ గేరు. అంతే కాదు, క్లచ్ ప్లేట్లను, బ్యాండ్లను బిగించి పట్టే ఆయిల్ ఒత్తిడి కూడా ఈ థ్రాటిల్ ఒత్తిడితోనే పెరుగుతుంది. కడ్డీ ఊడదీసి నడిపితే బండి కదులుతుంది. పై గేరులోకి తొందరగా, మెత్తగా, ఎంతో సుఖంగా జారుకుంటుంది. ఆ సుఖమే ప్రమాదం. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ పూర్తి బలంతో తిప్పుతుంటే ప్లేట్లు తక్కువ ఒత్తిడితో పట్టుకుని జారుతాయి, వేడెక్కుతాయి, మాడిపోతాయి. జనరల్ మోటార్స్ 200-4ఆర్, 700-ఆర్4, ఫోర్డ్ ఎ.ఒ.డి. ఇదే కోవలోవి. బ్రిటిష్ కార్లలో విరివిగా వాడిన బోర్గ్-వార్నర్ 35 కూడా ఇంతే, కడ్డీకి బదులు కేబుల్. పాత ఇంజిన్‌కు నాలుగో గేరు కోసం 700-ఆర్4 తగిలించేవారు చాలామంది. దాని కేబుల్‌ను సరిగ్గా సర్దకుండా రోడ్డెక్కితే గేర్‌బాక్సు ఎక్కువ దూరం రాదు.

రెండో జాతిలో బరువు కబురును మానిఫోల్డ్ వాక్యూమ్ మోస్తుంది. ఫోర్డ్ సి-4, జనరల్ మోటార్స్ టర్బో-హైడ్రామాటిక్ 350 ఇలాంటివి. వీటిలో కడ్డీ లేదా కేబుల్ బలవంతంగా గేరు దించడానికే. అది లేకపోతే ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఊపు రాదు గానీ ప్లేట్లు కాలవు. ఇక్కడి ప్రమాదం రబ్బరు గొట్టంలో ఉంది. కొత్త కార్బురేటర్ మీద వాక్యూమ్ ముక్కులు రెండు మూడు ఉంటాయి. బటర్‌ఫ్లైకి పైనున్న ముక్కులో ఐడ్లింగ్‌లో వాక్యూమ్ ఉండదు. గేర్‌బాక్సు మీద ఆ వాక్యూమ్‌ను అందుకునే మాడ్యులేటర్ గొట్టాన్ని దానికి తగిలిస్తే, కాలు తీసినప్పటి మార్పులను గేర్‌బాక్సు గుద్దుతూ చేస్తుంది. గొట్టం మానిఫోల్డ్‌కే పోవాలి. 1950లో షెవ్రోలె 235 ఇంజిన్‌తో వచ్చిన రెండు గేర్ల పవర్‌గ్లైడ్ మాత్రం కడ్డీనీ వాక్యూమ్‌నూ రెండింటినీ నమ్ముకుంది.

మూడో జాతిలో బరువు కబురు వాక్యూమ్‌దే గానీ కిక్‌డౌన్ కరెంటుది. టర్బో-హైడ్రామాటిక్ 400, డాట్సన్ కార్లలోని జాట్కో 3ఎన్71 ఇందులోవి. స్విచ్ పెడల్ దగ్గర పెట్టుకుని, వాక్యూమ్ గొట్టాన్ని మానిఫోల్డ్‌కు తగిలిస్తే చాలు, కార్బురేటర్ ఏదైనా ఫర్వాలేదు. మార్పులు చేసేవారికి అన్నిటికంటే సులువు ఇదే.

కొలతలు ఎక్కడ తప్పుతాయి

బటర్‌ఫ్లై ఇరుసు ఐడ్లింగ్ నుంచి పూర్తిగా తెరుచుకునే దాకా 80 డిగ్రీలు తిరుగుతుందనుకుందాం. ఇరుసుకు 40 మి.మీ. దూరంలో కడ్డీ తగిలిస్తే ఆ కొస దాదాపు 51 మి.మీ. కదులుతుంది. 30 మి.మీ. దూరంలో తగిలిస్తే 39 మి.మీ. మాత్రమే. గేర్‌బాక్సు లీవరుకు 50 మి.మీ. కదలిక కావాలంటే రెండో అమరికలో అది నాలుగింట మూడు వంతులు దాటగానే ఆగిపోతుంది. పెడల్ నేలకు తగిలినా గేర్‌బాక్సుకు మాత్రం ‘ఇంకా ముప్పాతిక వంతే నొక్కారు’ అన్న కబురే చేరుతుంది. లీవరు మీద రంధ్రం పది మిల్లీమీటర్లు అటో ఇటో వేయడం ఇంత తేడా తెస్తుంది. అందుకే డ్రిల్లింగ్ మెషిన్ పట్టుకునే ముందు స్కేలు పట్టుకోవాలి. ముందు గేర్‌బాక్సు లీవరును చేతితో మొదటి నుంచి చివరి దాకా కదిపి ఎంత దూరం పోతుందో కొలవాలి. ఆ తర్వాతే కార్బురేటర్ లీవరు మీద రంధ్రం ఎక్కడ వేయాలో తేలుతుంది.

ఎత్తు కూడా మారుతుంది. పాత మానిఫోల్డ్ మీద వేరే కార్బురేటర్ కూర్చోవడానికి అడాప్టర్ పలక వేస్తారు. దాని మందమంతా కార్బురేటర్ పైకి లేస్తుంది, కడ్డీ కోణం, పొడవు రెండూ చెల్లకుండా పోతాయి. పలక మీద కార్బురేటర్‌ను ఏ దిక్కుకు తిప్పుతామన్నదీ ముఖ్యమే. ఫ్లోట్ గిన్నె ముందు వైపు ఉంటే ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోలు వెనక్కి, జెట్టు వైపు చేరుతుంది. వెనక వైపు ఉంటే జెట్టుకు దూరంగా పోయి ఇంజిన్ దగ్గుతుంది. మైదానంలో నడిచే కారుకు ఇది పట్టకపోవచ్చు. నిడుగల్లు, పెనుకొండ లాంటి కొండసీమల రోడ్ల మీద తిరిగే బండికి పడుతుంది.

క్రైస్లర్ తానే ఈ మార్పు చేసి చూపించింది. 1960లో హైపర్ పాక్ పేరుతో స్లాంట్ సిక్స్‌కు పొడవైన మానిఫోల్డ్, నాలుగు గొట్టాల కార్టర్ కార్బురేటర్ ఇచ్చింది. 170 ఇంజిన్ శక్తి 101 నుంచి 148 హార్స్‌పవర్‌కు పెరిగింది. ఆ జనవరిలో డేటోనాలో జరిగిన చిన్న కార్ల పందెంలో మొదటి ఏడు స్థానాలూ వేలియంట్లవే. అవి చేతి గేర్ల బండ్లు కాబట్టి కిక్‌డౌన్ గొడవ లేదు. 1977 నాటి ‘సూపర్ సిక్స్’ రెండు గొట్టాల కార్టర్ బి.బి.డి.తో రోజువారీ కార్ల కోసం వచ్చింది. దానికి కార్బురేటర్, మానిఫోల్డ్‌తో పాటు కిక్‌డౌన్ బ్రాకెట్లు, కడ్డీలు కూడా వేరుగా తయారు చేశారు. నేటికీ ఆ మార్పు చేసుకోవాలనుకునేవారు కార్బురేటర్ కంటే ఆ బ్రాకెట్ల కోసమే ఎక్కువ వెతుకుతారు. ఫ్యాక్టరీయే అవసరమనుకున్న భాగాన్ని ఇంటి దగ్గర వద్దనుకోవడం తగదు.

ఎ.ఎం.సి. 1972 నుంచి తన కార్లలో క్రైస్లర్ గేర్‌బాక్సునే వాడింది. ఆ గేర్‌బాక్సు ఉన్న జీపుల్లోని 258 ఇంజిన్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. దానికి చాలామంది వెబర్ 32/36 తగిలిస్తారు. అందులో 32 మి.మీ. గొట్టం ముందు, 36 మి.మీ. గొట్టం తర్వాత తెరుచుకుంటాయి. కిక్‌డౌన్ కడ్డీని మొదటి గొట్టం ఇరుసుకే, అది పూర్తిగా తిరిగే చోటుకే తగిలించాలి.

ఫోర్డ్‌లో ఇంకో చిక్కుంది. 144, 170, 200 ఇంజిన్లలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ సిలిండర్ హెడ్‌తో కలిపి పోత పోసిన దుంగ లాంటిది, మార్చడానికి వీల్లేదు. దానికి తోడు 1967 వరకు వాడిన లోడ్-ఒ-మాటిక్ డిస్ట్రిబ్యూటర్‌లో బరువుల గవర్నర్ లేదు. టైమింగ్ అంతా కార్బురేటర్ పంపే ప్రత్యేక వాక్యూమ్ మీదే నడుస్తుంది. కొత్త కార్బురేటర్‌లో ఆ ఏర్పాటు ఉండదు. అంటే డిస్ట్రిబ్యూటర్ కూడా మార్చాల్సిందే. లేకపోతే ఇంజిన్ మొద్దుబారుతుంది, యజమాని గేర్‌బాక్సును అనుమానిస్తాడు.

కడ్డీయా, కేబులా

కడ్డీ వంగకుండా, సాగకుండా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. అయితే దాని దారి మారిందంటే వంచాలి, వెల్డింగ్ చేయాలి. కేబుల్ ఎటైనా తిరుగుతుంది కాబట్టి లోకార్ లాంటి కంపెనీల కేబుల్ సెట్లు ప్రాచుర్యం పొందాయి. ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో కేబుల్‌కు శత్రువు పొగ బయటికి వచ్చే మానిఫోల్డ్. లోపలి ప్లాస్టిక్ పొర కరిగితే తీగ బిగుసుకుంటుంది, బటర్‌ఫ్లై తెరిచినట్టే ఉండిపోతుంది. కేబుల్‌ను దూరంగా తిప్పాలి, తప్పనిచోట రేకు అడ్డం పెట్టాలి.

ఇంజిన్ తన రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుందన్నది మరో విషయం. బాడీకి బిగించిన పెడల్‌కు, ఊగే ఇంజిన్‌కు మధ్య కడ్డీకి ఆ మేరకు స్వేచ్ఛ ఉండాలి. జనరల్ మోటార్స్ 1971 డిసెంబరులో సుమారు 67 లక్షల బండ్లను వెనక్కి పిలిపించింది. మౌంటింగు తెగితే ఇంజిన్ పైకి లేచి థ్రాటిల్ లింకేజీని లాగేస్తుందన్నది కారణం. ఇంజిన్‌ను పట్టి ఉంచే తీగ ఒకటి బిగించి పంపారు. కాబట్టి కొత్త కార్బురేటర్ పెట్టే రోజున మౌంటింగులను కూడా చూసుకోవాలి. రిటర్న్ స్ప్రింగులు రెండు ఉండాలి. ఒకటి తెగినా రెండోది బటర్‌ఫ్లైని మూయాలి.

మన గ్యారేజీల్లో తరచు దొర్లే పొరపాటు నట్ల దగ్గర. అమెరికన్ లింకేజీల్లో 10-32 అనే అంగుళాల కొలత మర ఎక్కువ. మన దగ్గర దొరికే ఎం5 నట్టు దాని మీద వదులుగా ఎక్కిపోతుంది. వ్యాసం, మర వరసల ఎడం అంత దగ్గరగా ఉంటాయి. పైకి సరిపోయినట్టే కనిపించి, ఇంజిన్ అదురుకు ఊడిపోతుంది. కిక్‌డౌన్ కడ్డీ ఊడిపోయిన టార్క్‌ఫ్లైట్‌కు ఏమవుతుందో పైన చెప్పుకున్నాం.

సర్దుబాటు, పరీక్ష

టార్క్‌ఫ్లైట్‌కు ఫ్యాక్టరీ పద్ధతి సరళమైనది. చోక్ పూర్తిగా తెరిచి, ఫాస్ట్ ఐడిల్ క్యామ్ తగలకుండా చూసి, సర్దుబాటు బిగింపు వదులు చేయాలి. గేర్‌బాక్సు లీవరును ముందుకు దాని ఆపు దాకా నొక్కిపట్టి బిగించాలి. వేరే కార్బురేటర్ పెట్టిన బండికి ఇది సరిపోదు. రెండో కొసనూ చూడాలి. ఇంజిన్ ఆపి, ఒకరు సీట్లో కూర్చుని పెడల్ నేలకు నొక్కితే, రెండోవారు బటర్‌ఫ్లై నిలువుగా తెరుచుకుందో లేదో, గేర్‌బాక్సు లీవరు వెనక ఆపుకు చేరిందో లేదో చూడాలి. లీవరు ముందే ఆపుకు తగిలి బటర్‌ఫ్లైని అడ్డుకోకూడదు కూడా. ఈ పరీక్షకు అయిదు నిమిషాలు పడుతుంది.

రోడ్డు మీద లక్షణాలు స్పష్టంగా ఉంటాయి. గేర్లు తొందరగా, మెత్తగా మారుతుంటే, పెడల్ నొక్కినా కింది గేరు రాకపోతే కడ్డీ అందడం లేదు. ఆలస్యంగా, గుద్దినట్టు మారుతుంటే మరీ లాగి పట్టింది. సందేహం ఉంటే గేర్‌బాక్సు పక్కనున్న బిరడా తీసి ఆయిల్ ఒత్తిడి గేజీ బిగించి చూడటం ఉత్తమం. గేజీ చెప్పేది చెవి చెప్పేదాని కంటే నమ్మదగినది.

పాత ఆరు సిలిండర్ల ఆటోమేటిక్ కారు కొనేవారు, కార్బురేటర్ కొత్తదిగా మెరుస్తుంటే ముందు దాని వెనకనున్న కడ్డీని చూడండి. మీ కారు కార్బురేటర్ మారుస్తుంటే విప్పిన పాత కార్బురేటర్‌ను, లీవర్లను, బ్రాకెట్లను, చివరికి స్ప్రింగులనైనా తూకానికి వేయకండి. విప్పే ముందు నాలుగు పక్కల నుంచి ఫొటోలు తీసి, రంధ్రాల మధ్య దూరాలు రాసి, ఆ కాగితాన్ని సామానుతో పాటు ఒక డబ్బాలో పెట్టండి. తర్వాత ఆ బండి మీద చేయి వేసే మెకానిక్‌కు అంతకంటే పనికొచ్చే మాన్యువల్ దొరకదు.